ఉర్దూ కవిత్వంలో ఊళ్లు, వీధులు, ఎడారులు: తరచుగా అడిగే ప్రశ్నలు

గజల్‌ను పాటగా విని ఇష్టపడ్డవారు, అనువాదంలో చదివి ముచ్చటపడ్డవారు కొంతకాలానికి ఒకే చోట ఆగిపోతారు. ఈ ఎడారి ఎక్కడిది? ఈ బుల్‌బుల్ ఎవరి తోటలోది? ఇంతమంది కవులు ఢిల్లీ కోసం ఎందుకు ఏడుస్తారు? మిత్రులు నన్ను అడిగినవీ, మొదట్లో నాకు నేను వేసుకున్నవీ కలిపి ఇక్కడ జవాబులు రాశాను. ఉర్దూ పంక్తులను తెలుగు లిపిలో ఇచ్చి, వెంటనే అర్థం చెప్పాను.

ఉర్దూ కవుల పేర్ల చివర ఊరి పేరు ఎందుకు ఉంటుంది?

మన ఇంటిపేర్లలోనూ ఊళ్లు ఉంటాయి. కానీ అవి తాతముత్తాతల ఊళ్లు, పుట్టుకతో వచ్చేవి. ఉర్దూ కవి పేరు చివరి ఊరు చాలాసార్లు అతను కోరి తగిలించుకున్నది, లేదా లోకం అతనికి కట్టబెట్టింది. నజీర్ అక్బరాబాదీ పుట్టింది ఢిల్లీలో. బతికింది ఆగ్రాలో. ఆగ్రాకు అప్పటి పేరు అక్బరాబాద్ కనుక ఆ పేరే పెట్టుకున్నాడు. గాలిబ్ 1797లో ఆగ్రాలో పుట్టాడు, అయినా లోకానికి అతను ఢిల్లీ గాలిబే. వలీని ఒకరు దకనీ అంటారు, ఒకరు ఔరంగాబాదీ అంటారు, ఇంకొకరు గుజరాతీ అంటారు. ఒక కవి కోసం మూడు చోట్లు పోటీ పడటం ఆ కవికి దక్కిన గౌరవమే.

ఊరు వదిలినా పేరులోని ఊరు వదలదు. దాగ్ దెహ్లవీ చివరి రోజులు హైదరాబాదులో గడిచాయి, 1905లో ఇక్కడే కన్నుమూశాడు. పేరు మాత్రం దెహ్లవీగానే, అంటే ఢిల్లీవాడిగానే నిలిచింది.

ఢిల్లీలోనూ లక్నోలోనూ ఎడారి లేదు కదా, గజల్ నిండా ఎడారి ఎందుకు?

ఆ ఎడారి అరేబియాలోని నజ్ద్. లైలా కోసం పిచ్చివాడై మజ్నూ తిరిగిన చోటు. షీరీన్ మీద ప్రేమతో ఫర్హాద్ తొలిచిన బేసుతూన్ కొండ ఇరాన్‌లో ఉంది. మూసా ప్రవక్తకు దివ్యకాంతి కనిపించిన తూర్ కొండ సీనాయిలో, యూసుఫ్‌ను వేలం వేసిన బజారు ఈజిప్టులో. ఉర్దూ కవులకు ఈ పటమంతా పారశీక కవిత్వం నుంచి వారసత్వంగా వచ్చింది.

గజల్‌లో ఒక శేర్ అంటే రెండే పాదాలు. అంత ఇరుకులో కథ చెప్పే వీలుండదు. ‘తూర్’ అన్న ఒక్క మాట పడితే చాలు, ఆ వెలుగు, చూడాలన్న మొండి కోరిక, చూసి తట్టుకోలేక మూర్ఛపోవడం అన్నీ వినేవారి మనసులో కదులుతాయి. మన పద్యంలో ‘అశోకవనం’ అన్న మాట చేసే పని కూడా ఇదే. ఆ మాట వాడటానికి కవి లంకకు వెళ్లి రానక్కరలేదు.

అయితే గొప్ప కవి చేతిలో ఆ అరువు ఎడారి సొంత ఇంటి గుమ్మం దాకా వచ్చేస్తుంది. గాలిబ్ శేర్ ఒకటి చూడండి:

కోయీ వీరానీ సీ వీరానీ హై
దశ్త్ కో దేఖ్ కే ఘర్ యాద్ ఆయా

‘ఎంత పాడుబడ్డ చోటు! ఎడారిని చూడగానే ఇల్లు గుర్తొచ్చింది.’ ఇల్లు ఎందుకు గుర్తొచ్చిందో గాలిబ్ చెప్పడు. ఈ భయంకరమైన చోటు చూశాక హాయిగా ఉండే ఇల్లు గుర్తొచ్చిందా? లేక తన ఇల్లు కూడా అచ్చం ఇలాగే పాడుబడి ఉందని గుర్తొచ్చిందా? ‘యాద్ ఆయా’ దగ్గర శేర్ ఆగిపోతుంది. మొదటి అర్థంతో చదివినవారు రెండోది తట్టగానే కాసేపు మౌనంగా ఉండిపోవడం నేను ఎన్నోసార్లు చూశాను. ఇంకో గజల్‌లో అతనే అంటాడు: నేను అడవిలో తిరుగుతున్నాను, అక్కడ ఇంట్లో గోడల మీదా గుమ్మం మీదా పచ్చిక మొలుస్తోంది, ఇంటికి వసంతం వచ్చింది. గోడ మీద పచ్చిక మొలిచిందంటే ఆ ఇంట్లో మనుషులు లేరని అర్థం.

ఇదంతా పరాయి నేలను అరువు తెచ్చుకోవడం కాదా?

ఈ నింద కొత్తది కాదు, ఉర్దూ లోపలి నుంచే వచ్చింది. ముహమ్మద్ హుసేన్ ఆజాద్ 1880లో వెలువరించిన ఉర్దూ కవుల చరిత్ర ‘ఆబ్-ఎ-హయాత్’లో దీని మీద గట్టిగా మాట్లాడాడు. మన కవులు ఎప్పుడూ చూడని బుల్‌బుల్‌ను, నర్గిస్ పువ్వును, మధ్య ఆసియాలోని జైహూన్ సైహూన్ నదులను పట్టుకుని, ఇంటి ముందరి కోయిలనూ చంపకాన్నీ గంగనూ హిమాలయాన్నీ మరిచారని అతని బాధ. 1874లో లాహోర్‌లో అంజుమన్-ఎ-పంజాబ్ తరఫున కొత్త తరహా ముషాయిరాలు (కవి సమ్మేళనాలు) జరిగాయి. వాటిలో కవులకు ఒక విషయం ఇచ్చి దాని మీద నజ్మ్, అంటే ఒకే విషయం మీద సాగే కవిత, రాయమనేవారు. కవి హాలీ ‘బర్‌ఖా రుత్’ అని వానకాలం మీద రాసింది అక్కడే.

ఆజాద్ బాధలో సగం న్యాయం ఉంది. మిగతా సగంతో నేను ఏకీభవించలేను. అతను వెతికిన కోయిల, వాన, మట్టి ఉర్దూలో ముందే ఉన్నాయి. వాటిని రాసినవారిని పండితులు కవుల లెక్కలో వేయలేదు, అంతే.

నజీర్ అక్బరాబాదీయే ఇందుకు సాక్ష్యం. ఆగ్రాలో ఈతల పోటీలు, గాలిపటాలు, హోలీ, బంజారాల బిడారు, బజారులో అమ్మే సరుకు అన్నిటి మీదా అతను కవిత్వం రాశాడు. అతని పద్యాలు బజారు జనం నాలుక మీద ఆడుతున్నాయి కనుక అతన్ని కవుల వరుసలో చేర్చకూడదని షేఫ్తా అనే కవి తన తజ్కిరాలో (కవుల పరిచయ గ్రంథంలో) తేల్చేశాడు. ఆ తీర్పుతో ఉర్దూ చాలాకాలం నష్టపోయింది. కక్డీ అని సన్నగా పొడుగ్గా ఉండే లేత దోసకాయ ఉంటుంది, ఉత్తరాదిన వేసవిలో బళ్ల మీద అమ్ముతారు. ‘ఆగ్రే కీ కక్డీ’లో నజీర్ దాన్ని ఇలా వర్ణించాడు:

ఫర్హాద్ కీ నిగాహేఁ, శీరీఁ కీ హఁస్లియాఁ హైఁ
మజ్నూఁ కీ సర్ద్ ఆహేఁ, లైలా కీ ఉంగ్లియాఁ హైఁ

‘ఫర్హాద్ చూపులు, షీరీన్ మెడలోని కంటెలు, మజ్నూ చల్లని నిట్టూర్పులు, లైలా వేళ్లు.’ కక్డీ కొరికితే చల్లగా ఉంటుంది, మజ్నూ నిట్టూర్పు లాగా. సన్నగా వంపు తిరిగి ఉంటుంది, లైలా వేలి లాగా. నజ్ద్ ఎడారినీ ఇరాన్ కొండనూ తెచ్చి ఆగ్రా కూరగాయల బండి మీద పెట్టాడు. అరువు పటానికీ సొంత నేలకూ మధ్య గోడ లేదని చెప్పడానికి నాకు ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకలేదు.

మరి దక్కన్ నేల ఉర్దూలోకి ఎప్పుడు వచ్చింది?

మొదటి నుంచీ ఉంది. ఢిల్లీ కవులు ఇంకా పారశీకంలోనే రాస్తున్న రోజుల్లో గోల్కొండలోనూ బీజాపూర్‌లోనూ దకనీలో, అంటే దక్కన్ ఉర్దూలో, కావ్యాలు వచ్చాయి. 1591లో హైదరాబాదు కట్టించిన ముహమ్మద్ కులీ కుతుబ్‌షా ఉర్దూలో దీవాన్ (కవితల సంపుటి) ఉన్న తొలి కవిగా పేరు పొందాడు. అతని కవిత్వంలో వసంత పండుగ ఉంది, పళ్లూ కూరగాయలూ ఉన్నాయి, తాను కట్టించిన మహళ్లు ఉన్నాయి, అన్నిటికన్నా ముఖ్యంగా వాన ఉంది.

ఆ వానను అతను ‘మిర్గ్’ అన్నాడు. మన మృగశిర కార్తె! రోహిణి ఎండలు మాడ్చి పోయాక, జూన్ మొదటి వారం దాటగానే తొలకరి పడే రోజులు. ఈనాటికీ తెలంగాణలో ఆ రోజు చేపల కూర లేని ఇల్లు అరుదు. నాలుగు వందల ఏళ్ల కింద ఒక సుల్తాను ఆ కార్తెను పండుగగా జరిపించి, దాని మీద కవితలు అల్లాడు. పారశీక పటంలో వసంతమే రాజు, అక్కడ మిర్గ్‌కు చోటు లేదు. ఈ మాట రైతుల పంచాంగం నుంచి రాజు దీవాన్‌లోకి నడిచి వచ్చింది.

తన ఊరి కోసం అతను చేసిన ప్రార్థన హైదరాబాదులో చాలామందికి నోటికి వచ్చు:

మెరా శహర్ లోగాఁ సూఁ మామూర్ కర్
రఖ్యా జ్యూఁ తూఁ దర్యా మేఁ మిన్ యా సమీ

‘ఆలకించే దేవా, సంద్రాన్ని చేపలతో నింపినట్టు నా ఊరిని మనుషులతో నింపు.’ మాటమాటా గమనించండి. ‘లోగ్’ను ‘లోగాఁ’ అనడం దకనీ బహువచనం, పాతబస్తీలో ఇవాళ కూడా వినిపిస్తుంది. ‘మిన్’ అంటే మీనం, పారశీకపు ‘మాహీ’ కాదు. చక్కని కోటో తోటో కావాలని అతను అడగలేదు, మనుషులు కావాలని అడిగాడు. ఊరి మీద వచ్చిన ఉర్దూ కవిత్వంలో ఎక్కువ భాగం పోయిన ఊరి కోసం ఏడుపు. ఇది అప్పుడే పుట్టిన ఊరికి పాడిన జోల.

ఢిల్లీ గురించి ఇంత శోకం ఎందుకు?

ఢిల్లీ ఒక్కసారి కాదు, పదేపదే కూలింది. 1739లో నాదిర్‌షా ఊచకోత, తరువాత అఫ్గాన్ రాజు అబ్దాలీ దాడులు, 1857 తిరుగుబాటు. కూలిన ప్రతిసారీ కవులు ఊరు వదిలారు. ఈ గాయం నుంచే ‘షహర్ ఆశోబ్’ అనే ప్రక్రియ బలపడింది. అల్లకల్లోలమైన నగరం గురించి, ఉపాధి పోయిన వృత్తుల వారి గురించి, జీతాలు అందని సిపాయిల గురించి రాసే కవిత అది. సౌదా ఇందులో ఆరితేరినవాడు. ఆగ్రా నుంచి వచ్చి ఢిల్లీని తన ఊరు చేసుకున్న మీర్, ఆ వీధుల గురించి అన్న మాట ఇది:

దిల్లీ కే న థే కూచే, ఔరాక్-ఎ-ముసవ్విర్ థే
జో శక్ల్ నజర్ ఆయీ, తస్వీర్ నజర్ ఆయీ

‘అవి ఢిల్లీ సందులు కావు, చిత్రకారుడి పుటలు. కంటపడ్డ ప్రతి రూపమూ ఒక బొమ్మే.’ కోట గురించీ జామా మసీదు గురించీ ఒక్క ముక్క లేదు. ఉర్దూ కవికి నగరమంటే ముందుగా సందు. కూచా, గలీ, ప్రియురాలి గుమ్మం, మలుపు. గజల్ చదివేటప్పుడు ఈ సంగతి గుర్తుంటే సగం తలుపులు వాటంతట అవే తెరుచుకుంటాయి.

ఆ సందుల మీద మమకారంతోనే జౌక్ అన్నాడు:

ఇన్ దినోఁ గర్చె దకన్ మేఁ హై బడీ కద్ర్-ఎ-సుఖన్
కౌన్ జాయే జౌక్ పర్ దిల్లీ కీ గలియాఁ ఛోడ్ కర్

‘ఈ రోజుల్లో దక్కన్‌లో కవిత్వానికి గొప్ప ఆదరణే ఉంది. కానీ జౌక్, ఢిల్లీ గల్లీలు వదిలి ఎవరు వెళతారు?’ అతను 1854లో, ఢిల్లీ చెక్కుచెదరకుండా ఉండగానే పోయాడు. మూడేళ్లకు ఆ గల్లీలే మిగల్లేదు. పైన చెప్పిన ఆజాద్ జౌక్ శిష్యుడే. అతని తండ్రిని ఆంగ్లేయులు చంపారు. సైనికులు ఇంట్లోకి చొరబడి వెళ్లగొట్టినప్పుడు ఆజాద్ గురువు గజళ్ల కట్టను చంకన పెట్టుకుని బయటపడ్డాడు. మరో శిష్యుడు దాగ్ మొదట రాంపూర్ చేరాడు, తరువాత గురువు రానన్న దక్కన్‌కే వచ్చి ఆరో నిజాముకు ఉస్తాద్ (కవితా గురువు) అయ్యాడు. పంజాబు నుంచి ఒక కుర్రవాడు తన గజళ్లను టపాలో హైదరాబాదుకు పంపి దాగ్‌తో దిద్దించుకునేవాడు. అతని పేరు ఇక్బాల్.

1857 తరువాత హాలీ మాట ఒక్కటి చాలు: ‘తజ్కిరా దెహ్లీ-ఎ-మర్హూమ్ కా ఐ దోస్త్ న ఛేడ్.’ చనిపోయిన ఢిల్లీ ప్రస్తావన తేకు మిత్రమా. ‘మర్హూమ్’ అనేది చనిపోయిన మనిషికి వాడే మాట. మనం ‘కీర్తిశేషులు’ అన్నట్టు. ఊరి పేరుకు ఆ మాట తగిలించడంలోనే అంతా ఉంది.

ఢిల్లీ బాణీ, లక్నో బాణీ అంటారు. ఆ తేడా నిజమేనా?

ఢిల్లీ కవి లోపలి వేదన రాస్తాడు, లక్నో కవి బయటి సింగారం రాస్తాడు అని పాఠ్యపుస్తకాల్లో ఉంటుంది. దీన్ని పూర్తిగా నమ్మవద్దని నా సలహా. మీర్ చివరి ముప్ఫై ఏళ్లు దాదాపుగా లక్నోలోనే గడిపాడు. మరి ఆ గజళ్లు ఏ ఖాతాలోకి వెళ్లాలి? భాష నుడికారంలో, దర్బారు రుచుల్లో తేడాలు ఉన్న మాట నిజం. ఊరును బట్టి కవి హృదయాన్ని తేల్చడం మాత్రం కుదరదు.

లక్నోలో రాసిన మర్సియాల్లో కర్బలా ఎలా కనిపిస్తుంది?

కర్బలా ఇరాక్‌లో ఉంది. 680లో అక్కడ యూఫ్రటీస్ నది ఒడ్డున, నీళ్లు అందనివ్వని ముట్టడిలో ఇమామ్ హుసేన్, ఆయన వెంట ఉన్నవారు అమరులయ్యారు. లక్నోలో ఉండి మీర్ అనీస్ (మరణం 1874) ఆ ఘట్టం మీద రాసిన మర్సియాలు (శోకగీతాలు) ఉర్దూకు దక్కిన మహాకావ్యమనే నేను భావిస్తాను. అరబ్బు ఎడారిలో పొద్దు పొడవడాన్ని అతను వర్ణిస్తుంటే ఒంటికి చల్లగాలి తగులుతుంది. కానీ అక్కడి స్త్రీలు నోరు తెరిస్తే అవధ్ ఇళ్లు వినిపిస్తాయి. హుసేన్ భార్య బానూకు పలికిన దీవెన చూడండి:

బానూ-ఎ-నేక్‌నామ్ కీ ఖేతీ హరీ రహే
సందల్ సే మాంగ్, బచ్చోఁ సే గోదీ భరీ రహే

‘బానూ చేను పచ్చగా ఉండాలి. పాపిట చందనంతో, ఒడి పిల్లలతో నిండుగా ఉండాలి.’ చుట్టూ ఇసుక, దాహం, శత్రువులు. దీవెనలో మాత్రం పచ్చని చేను, పాపిట, ఒడి. మన పెద్దవాళ్లు ‘పసుపు కుంకుమలతో చల్లగా ఉండు, ఒడి నిండాలి’ అనే గొంతే అది. ఇది చారిత్రకంగా తప్పు కదా అని కొందరు అడుగుతారు. మర్సియా చదివే సభలో, మజ్లిస్‌లో, కూర్చున్న ఆడవాళ్లకు ఆ దుఃఖం సొంత ఇంటి దుఃఖం కావాలంటే దీవెన వాళ్ల ఇంటి దీవెనే కావాలి. అనీస్‌కు ఆ సంగతి తెలుసు.

ఇక్బాల్ కవిత్వంలో చోట్లు ఎలా మారుతూ వచ్చాయి?

1901లో ‘హిమాలా’తో మొదలై, 1904లో ‘సారే జహాఁ సే అచ్ఛా’ దాకా వచ్చి, ఆపైన జర్మనీలోని నెకర్ నది ఒడ్డు, సిసిలీ ద్వీపం, చివరికి 1933లో చూసిన స్పెయిన్ నుంచి వచ్చిన ‘మస్జిద్-ఎ-కుర్తుబా’ దాకా ఆ పటం పెరుగుతూ పోతుంది. తెలుగువారు చదవవలసింది ‘గోరిస్తాన్-ఎ-షాహీ’. 1910లో హైదరాబాదు వచ్చినప్పుడు గోల్కొండ దగ్గరి కుతుబ్‌షాహీ సమాధులను చూసి రాసినది. ఊరు మనుషులతో నిండాలని వేడుకున్న రాజు ఆ సమాధుల్లోనే ఒకదానిలో ఉన్నాడు.

మూసీ నది ఉర్దూ కవిత్వంలో ఉందా?

ఉంది, కన్నీళ్లతో ఉంది. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి హైదరాబాదును ముంచేసింది. ఇప్పటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు ఎక్కి నూటయాభై మంది దాకా ప్రాణాలు దక్కించుకున్నారని ఊరంతా చెప్పుకుంటుంది. ఆ వరదలో అమ్జద్ హైదరాబాదీ తల్లిని, భార్యను, కూతురిని పోగొట్టుకున్నాడు. అతను ఒక్కడే బతికాడు. ‘కయామత్-ఎ-సుగ్రా’, అంటే చిన్న ప్రళయం, అన్న కవితలో ఆ రాత్రిని రాశాడు. తరువాత రుబాయీలలో (నాలుగు పాదాల పద్యాలలో) ఉర్దూ అంతటా పేరు తెచ్చుకుని 1961 దాకా జీవించాడు. అతని రుబాయీల్లోని వైరాగ్యం పుస్తకాల నుంచి వచ్చింది కాదు.

తెలంగాణ పల్లె సంగతి?

మఖ్దూమ్ మొహియుద్దీన్ దగ్గరికి వెళ్లండి. 1908లో ఆందోల్‌లో పుట్టాడు. ‘తెలంగన్’ అనే అతని కవిత పొలం గట్ల మీద నవ్వుతూ నడిచే పల్లెపడుచును చూపుతూ మొదలవుతుంది. గజల్‌లో ప్రియురాలికి పొలం గట్టు ఎప్పుడైనా ఉందా? ‘చారాగర్’ కవితలో ఇద్దరు ప్రేమికులు కాలిపోయే చోటు గురించి అతను ఇచ్చిన గుర్తులు చూడండి: జాజి పందిరి కింద, కల్లంగడికి కాస్త దూరంలో, ఆ మలుపు దగ్గర. పాత గజల్‌లోని మైఖానాయే (మద్యశాలే) అది, కానీ ఇప్పుడు మనం నడిచి వెళ్లగలిగిన ఊళ్లో ఉంది.

సముద్రం ఎందుకు అంతగా కనిపించదు?

ఢిల్లీ, ఆగ్రా, లక్నో అన్నీ నది ఒడ్డు ఊళ్లే, సముద్రానికి ఎంతో దూరం. పైగా ‘దర్యా’ అనే మాటకు పారశీకంలో సముద్రమనీ ఉర్దూలో నది అనీ అర్థం. పాత శేర్లలో అది ఏదైనా కావచ్చు.

దేశవిభజన తరువాత సముద్రం నిజంగా వచ్చింది. కరాచీకి వలస వెళ్లినవారి కంటికి ఎదురుగా అదే ఉంది. అమ్రోహాలో పుట్టి 1957లో కరాచీ వెళ్లిన జౌన్ ఎలియా, తన ఊరి పక్కన పారే బాన్ అనే చిన్న నదిని తలచుకున్నాడు:

ఇస్ సమందర్ పె తిశ్నా-కామ్ హూఁ మైఁ
బాన్, తుమ్ అబ్ భీ బహ్ రహీ హో క్యా

‘ఇంత సముద్రం దగ్గర దాహంతో ఉన్నాను. బాన్, నువ్వింకా పారుతున్నావా?’ ఊళ్లో వదిలి వచ్చిన చెల్లెలిని ‘బాగున్నావా’ అని అడిగిన గొంతు. నజ్ద్ కాదు, యూఫ్రటీస్ కాదు, పటంలో వెతికితే గానీ దొరకని నది. విభజన మీద ఎన్ని పుస్తకాలు చదివినా నాకు ఈ రెండు పాదాలే మళ్లీ మళ్లీ గుర్తొస్తాయి.

ఉర్దూ లిపి రాదు. ఎక్కడ మొదలుపెట్టాలి?

దాశరథి కృష్ణమాచార్యుల ‘గాలిబ్ గీతాలు’తో మొదలుపెట్టవచ్చు. ఉర్దూ కవిత్వం ఉంచే రేఖ్తా వెబ్‌సైటులో మూలం నాగరి లిపిలోనూ దొరుకుతుంది, మాట మీద నొక్కితే అర్థం కూడా వస్తుంది. చదివేటప్పుడు ఒక చిన్న అలవాటు చేసుకోండి. శేర్‌లో చోటు పేరు తగిలినప్పుడల్లా, ఆ కవి అక్కడ ఉండి రాశాడా, వదిలి వచ్చాక రాశాడా, అసలు చూడకుండానే రాశాడా అని ఒక్కసారి ఆలోచించండి.

ఈ కవుల చోట్లు ఇప్పుడు చూడవచ్చా?

కొన్ని చూడవచ్చు. ఢిల్లీ బల్లీమారాన్‌లోని గలీ కాసిమ్ జాన్‌లో గాలిబ్ ఉన్న ఇంట్లో కొంత భాగాన్ని స్మారకంగా ఉంచారు. సమాధి నిజాముద్దీన్‌లో ఉంది. కొన్ని లేవు. అహ్మదాబాదులో వలీ సమాధిని 2002 అల్లర్లలో కూల్చేశారు. లక్నోలో మీర్ సమాధి ఆనవాలు కూడా మిగల్లేదు, ఆ శ్మశానం మీదుగా రైలు పట్టాలు వేశారని చెబుతారు. ‘మీర్ తలాపున ఎవరూ మాట్లాడకండి, ఏడ్చి ఏడ్చి ఇప్పుడే నిద్రపోయాడు’ అని రాసుకున్నవాడు మీర్.

హైదరాబాదులో ఉన్నవారు నాంపల్లి స్టేషన్లో దిగి యూసుఫైన్ దర్గాకు నడిచి వెళ్లవచ్చు. జౌక్ శిష్యుడు దాగ్ అక్కడే ఉన్నాడు, ఢిల్లీ గల్లీలకు చాలా దూరంలో.